ఏ వారం ఎంతమంది కావాలి? సైట్ మనుషుల లెక్కను ఎక్సెల్ చార్టులో పెట్టే పద్ధతి

విజయవాడ పక్కన పోరంకి వైపు ఒక అపార్ట్‌మెంట్ పని. 8 వారాలకు తాపీ పని మొత్తం లెక్కేస్తే 504 పనిదినాలు తేలింది (ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక పనిదినం), అంటే వారానికి 6 రోజుల చొప్పున రోజుకు సగటున పదిన్నర మంది. మా దగ్గర తాపీ మేస్త్రీలు 12 మంది ఉన్నారు కాబట్టి సరిపోతారనే ఎవరైనా అనుకుంటారు. అదే పనిని వారాల వారీగా విడగొట్టి చార్టు గీస్తే మాత్రం మొదటి రెండు వారాలు ఆరుగురికి పనే లేదు, ఆరో వారానికి వచ్చేసరికి 16 మంది కావాలి. సగటులో ఇది కనపడదు. నాకు ఈ సంగతి తెలిసొచ్చింది అంతకుముందు సైట్‌లో, పని మీదకొచ్చాక మనుషుల్ని తెచ్చే మేస్త్రికి ఫోన్ చేసి ఇంకో నలుగుర్ని పంపమంటే ఆయన "ముందు చెప్పాలి కదండీ, ఇప్పటికిప్పుడు అంటే ఎక్కణ్ణుంచి తేను, అందరూ అమరావతి పనుల్లో ఉన్నారు" అన్న రోజున. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాలుగు వారాల ముందే నేను చెప్పి ఉండాల్సింది, చెప్పగలిగే లెక్క కూడా నా లాప్‌టాప్‌లోనే ఉంది, కాకపోతే చూసే రూపంలో లేదు.

అందుకే ఆ లెక్కను చూసే రూపంలోకి తెచ్చే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. నేను ఎక్సెల్‌లో చేస్తాను. గూగుల్ షీట్స్‌లోనూ, లిబ్రేఆఫీస్‌లోనూ ఇవే ఫంక్షన్లు ఉన్నాయి, మెనూలే కాస్త అటూఇటూ. సైట్ పని బదులు సాఫ్ట్‌వేర్ టీమ్ అయినా, ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్డు అయినా, మిర్చి కోల్డ్ స్టోరేజీలో హమాలీల లెక్క అయినా పద్ధతి మారదు, ముఠాల (ఒకే రకం పని చేసే జట్ల) పేర్లు మారతాయి అంతే.

ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, షీట్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. కాలమ్ పేర్లు కూడా అంతే.

1. ముందు పనుల పట్టిక

చార్టు బాగా రాకపోతే పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు చార్టులో ఉండదు, పట్టికలో ఉంటుంది. కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

కొత్త షీట్ తీసి దానికి "పనులు" అని పేరు పెట్టండి. ఎ కాలమ్‌లో పని, బి లో ముఠా, సి లో మొదలు తేదీ, డి లో ముగింపు తేదీ, ఇ లో రోజుకు ఎంతమంది. ఒక వరుసకు ఒక పని, ఒకే ముఠా. "తాపీ 6 + కూలీలు 4" అని ఒకే గడిలో రాస్తే ఆ గడి మనిషి చదవడానికి పనికొస్తుంది గానీ షీట్ దాన్ని కూడలేదు. అది రెండు వరుసలు కావాలి.

నా ఉదాహరణ ఇది. సెంటరింగ్ అంటే శ్లాబు పోయడానికి కింద కట్టే చట్రం, రాడ్ పని అంటే దానిమీద ఇనుము కట్టడం. అన్నీ 2025 తేదీలే, కూలీల వరుసలు ఇక్కడ వదిలేశాను, మీరు మాత్రం వదలొద్దు.

| పని | ముఠా | మొదలు | ముగింపు | రోజుకు |
|---|---|---|---|---|
| 1వ అంతస్తు గోడ కట్టుబడి | తాపీ | 3 నవంబర్ | 22 నవంబర్ | 6 |
| 2వ అంతస్తు గోడ కట్టుబడి | తాపీ | 17 నవంబర్ | 6 డిసెంబర్ | 6 |
| 1వ అంతస్తు ప్లాస్టరింగ్ | తాపీ | 24 నవంబర్ | 13 డిసెంబర్ | 8 |
| 2వ అంతస్తు ప్లాస్టరింగ్ | తాపీ | 8 డిసెంబర్ | 27 డిసెంబర్ | 8 |
| 3వ అంతస్తు పైశ్లాబు సెంటరింగ్ | సెంటరింగ్ | 3 నవంబర్ | 15 నవంబర్ | 8 |
| 4వ అంతస్తు పైశ్లాబు సెంటరింగ్ | సెంటరింగ్ | 1 డిసెంబర్ | 13 డిసెంబర్ | 8 |
| 3వ అంతస్తు పైశ్లాబు రాడ్ పని | రాడ్ | 12 నవంబర్ | 18 నవంబర్ | 6 |
| 4వ అంతస్తు పైశ్లాబు రాడ్ పని | రాడ్ | 10 డిసెంబర్ | 16 డిసెంబర్ | 6 |

తేదీల దగ్గర ఒక ప్రమాదం ఉంది. మనం 3/11/2025 అని కొడితే అది నవంబర్ 3 అనుకుంటాం. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే అది మార్చి 11 అవుతుంది, ఏ హెచ్చరికా రాదు. అదే సెట్టింగ్‌లో 18/11/2025 అని కొడితే 18వ నెల లేదు కాబట్టి అది తేదీగా కాకుండా మాటగా ఉండిపోతుంది, గడిలో ఎడమ వైపుకు జరిగి కనిపిస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో సగం తేదీలు తప్పు, సగం తేదీలే కావు. చూసుకోవడానికి సులువైన దారి, ఆ కాలమ్ ఫార్మాట్‌ను కాసేపు నంబర్‌కు మార్చండి. ఎక్సెల్ తేదీని 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగానే దాచుకుంటుంది, 2025 నవంబర్ 3 అయితే 45964 అని కనపడాలి. సంఖ్యగా మారని గడి ఏదైనా ఉంటే అది తేదీ కాదు. చూశాక మళ్లీ తేదీ ఫార్మాట్‌కు మార్చేయండి.

రెండోది ముఠా పేర్లు. ఒక చోట "తాపీ", ఇంకో చోట "తాపి", మరో చోట "తాపీ" తర్వాత ఒక ఖాళీ ఉంటే షీట్ దృష్టిలో అవి మూడు ముఠాలు. తెలుగులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొన్ని కీబోర్డులు అక్షరాల మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడతాయి, చూడటానికి రెండు "సెంటరింగ్"లూ ఒకేలా ఉంటాయి, షీట్‌కు మాత్రం వేరు. ట్రిమ్ ఫంక్షన్ వాడినా ఆ గుర్తు పోదు, అది ఖాళీలను మాత్రమే తీస్తుంది. నేను దీనితో ఒక సాయంత్రమంతా కొట్టుకున్నాను. అప్పటి నుంచి పేర్లు చేత్తో కొట్టడం మానేశాను. డేటా ట్యాబ్‌లో డేటా వాలిడేషన్‌కు వెళ్లి లిస్ట్ ఎంచుకుని, ముఠాల పేర్లు ఒక్కసారి ఇచ్చేస్తే, ఆపైన బి కాలమ్‌లో డ్రాప్‌డౌన్ నుంచి ఎంచుకోవడమే.

2. తేదీలను వారాల్లోకి పంచడం

ఎఫ్ కాలమ్ ఖాళీగా వదిలి, జి1 నుంచి ఎన్1 దాకా 8 సోమవారాలు పెట్టండి. జి1 లో 3 నవంబర్ కొట్టి, హెచ్1 లో = జి1+7 అని పెట్టి కుడివైపుకు లాగితే చివరిది 22 డిసెంబర్ అవుతుంది.

ఇప్పుడు జి2 లో ఈ ఫార్ములా:

= మ్యాక్స్(0, నెట్‌వర్క్‌డేస్.ఐఎన్‌టీఎల్(మ్యాక్స్($సి2, జి$1), మిన్($డి2, జి$1+5), 11)) * $ఇ2

చూడటానికి పొడుగ్గా ఉంది గానీ అది అడిగేది ఒక్కటే: ఈ పనికీ ఈ వారానికీ కలిసే రోజులెన్ని? పని మొదలైన తేదీ, వారం మొదలైన తేదీ, ఈ రెండింటిలో తర్వాతది ఒక కొస. పని ముగింపు, ఆ వారం శనివారం, ఈ రెండింటిలో ముందుది రెండో కొస. ఆ కొసల మధ్య పనిరోజులను నెట్‌వర్క్‌డేస్.ఐఎన్‌టీఎల్ లెక్కపెడుతుంది, 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవు అని దానికి చెప్పడం. మామూలు నెట్‌వర్క్‌డేస్ వాడితే శనివారాన్ని కూడా సెలవు కింద తీసేస్తుంది, సైట్లకు అది సరిపోదు, వారానికి ఐదు రోజుల ఆఫీసు అయితే సరిపోతుంది. పనికీ వారానికీ సంబంధమే లేకపోతే ఈ ఫంక్షన్ మైనస్ సంఖ్య ఇస్తుంది, అందుకే బయట మ్యాక్స్(0, …) పెట్టాం. చివర్లో రోజుకు ఎంతమందో దానితో గుణిస్తే వచ్చేది పనిదినాలు, అంటే ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒకటి.

రాడ్ పనితో సరిచూసుకోండి. నవంబర్ 12 బుధవారం నుంచి 18 మంగళవారం దాకా, ఆరుగురు. 10వ తేదీ వారంలో బుధ, గురు, శుక్ర, శని 4 రోజులు కాబట్టి 24 రావాలి. 17వ తేదీ వారంలో 2 రోజులు, 12 రావాలి. వచ్చిందా? అయితే ఫార్ములాను కుడికీ కిందికీ లాగేయండి. డాలర్ గుర్తులు ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి, ఒక్కటి జారినా లాగినప్పుడు లెక్క చెదురుతుంది.

ఎన్ పక్కనే ఉన్న ఓ (O) కాలమ్‌ను తనిఖీకి ఉంచుకోండి. ఒక వరుసలో జి నుంచి ఎన్ దాకా మొత్తం, మొదలు ముగింపుల మధ్య పనిరోజులను మనుషులతో గుణించిన మొత్తం, రెండూ సమానమేనా అని. తేడా వస్తే ఆ పని మీ 8 వారాల బయటికి పోయిందని అర్థం. తాపీ వరుసలు నాలుగూ కలిపితే 108, 108, 144, 144, మొత్తం 504.

ఇక్కడ ఒక జాగ్రత్త. మంచి అలవాటని చాలామంది పట్టికను సెలెక్ట్ చేసి కంట్రోల్ + టి కొట్టి ఎక్సెల్ టేబుల్‌గా మార్చేస్తారు. ఎ నుంచి ఇ వరకు మార్చుకుంటే నష్టం లేదు. వారాల కాలమ్‌లను కూడా కలిపి మారిస్తే పై వరుసలోని తేదీలు మాటలుగా మారిపోతాయి, టేబుల్ హెడర్‌లో తేదీ ఉండలేదు. మ్యాక్స్ ఫంక్షన్ గడిలో మాట కనపడితే దాన్ని పట్టించుకోకుండా దాటేస్తుంది. ఎర్రర్ రాదు, వారం మొదలు తేదీ లెక్కలోంచి తప్పుకుని పనిదినాలు పెరిగిపోతాయి. ఎర్రర్ వచ్చే తప్పు కంటే ఇలాంటిదే ప్రమాదం.

3. సారాంశం షీట్: కావలసినవాళ్లు, ఉన్నవాళ్లు

రెండో షీట్‌కు "సారాంశం" అని పేరు పెట్టి, బి1 నుంచి ఐ1 దాకా అవే 8 వారాలు పెట్టండి. ఎ2, ఎ3, ఎ4 లో తాపీ, సెంటరింగ్, రాడ్. బి2 లో:

= సమ్‌ఇఫ్(పనులు!$బి$2:$బి$100, $ఎ2, పనులు!జి$2:జి$100)/6

ఆ వారంలో ఆ ముఠా పనిదినాలన్నీ కూడి, 6 రోజులతో భాగిస్తే రోజుకు సగటున ఎంతమంది కావాలో వస్తుంది. పక్కకూ కిందికీ లాగండి. తాపీ వరుసలో 6, 6, 12, 14, 14, 16, 8, 8 వస్తాయి.

ఇంకో మూడు వరుసలు కింద, ఎ6 నుంచి, "తాపీ ఉన్నవాళ్లు" లాంటి పేర్లతో. ఈ వరుసల్లో ఫార్ములా ఉండదు, మీరు మేస్త్రిని అడిగి, వారం వారం చేత్తో రాయాలి. 8 వారాలకూ 12, 12, 12 అని లాగేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. మన దగ్గర మనుషుల సంఖ్య అంత స్థిరంగా ఉండదు. నవంబర్, డిసెంబర్‌లో డెల్టా అంతా ఖరీఫ్ వరి కోతలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే కూలీలు కొందరు అటు వెళ్తారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన ముఠాలు సంక్రాంతికి ఊరెళ్తే పండగ అయిన మర్నాడే తిరిగి రారు, మీ చార్టు జనవరిలోకి పోతే ఆ రెండు వారాల గడుల్లో 12 రాయడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. నేను మేస్త్రిని "ఎంతమంది ఉన్నారు" అని అడగను, "ఫలానా సోమవారం పొద్దున ఎంతమంది దిగుతారు" అని అడుగుతాను. రెండు ప్రశ్నలకూ జవాబులు వేరుగా వస్తాయి.

4. చార్టు గీయడం

చార్టు అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. మన ప్రశ్న, ఏ ముఠా ఏ వారంలో చాలదు? దానికి ఒక్కో ముఠాకు ఒక చార్టు, కావలసినవాళ్లు నిలువు కడ్డీలుగా, ఉన్నవాళ్లు అడ్డంగా గీతగా. కడ్డీ గీత దాటిందంటే ఆ వారం మనుషులు చాలరని.

సారాంశం షీట్‌లో ఎ1 నుంచి ఐ1 దాకా సెలెక్ట్ చేసి, కంట్రోల్ పట్టుకుని తాపీ వరుస, తాపీ ఉన్నవాళ్ల వరుస కూడా కలపండి. ఎ1 ఖాళీగా ఉంచండి, అక్కడ మాట ఉంటే తేదీల వరుసను కూడా ఎక్సెల్ ఒక్కోసారి కడ్డీలుగా గీసేస్తుంది. ఇన్సర్ట్ ట్యాబ్‌లో రికమెండెడ్ చార్ట్స్, అందులో ఆల్ చార్ట్స్, అడుగున కాంబో. తాపీకి క్లస్టర్డ్ కాలమ్, ఉన్నవాళ్లకు లైన్. పక్కన సెకండరీ యాక్సిస్ అనే పెట్టె ఉంటుంది, అందులో టిక్ ఉంటే తీసేయండి. అది ఉంటే గీతకు ఒక కొలత, కడ్డీలకు ఇంకో కొలత వచ్చి, 16 మంది కడ్డీ 12 మంది గీత కంటే కిందుగా కనపడే అవకాశం ఉంది. చార్టు వేసిన ప్రయోజనమే పోతుంది. గూగుల్ షీట్స్‌లో అయితే ఇన్సర్ట్, చార్ట్, చార్ట్ టైప్‌లో కాంబో చార్ట్, ఆపైన కస్టమైజ్‌లో సిరీస్ దగ్గర ఏది గీతో ఏది కడ్డీయో మార్చుకోవచ్చు.

చార్టు వచ్చాక కడ్డీలు అగ్గిపుల్లల్లా సన్నగా, మధ్యలో బోలెడు ఖాళీతో కనిపిస్తే కంగారు పడకండి. కింద ఉన్నవి తేదీలు కాబట్టి ఎక్సెల్ వాటిని రోజులవారీ కాలరేఖగా తీసుకుంది, సోమవారానికి ఒక కడ్డీ, మిగతా ఆరు రోజులు ఖాళీ. తేదీలున్న అడుగు గీత (యాక్సిస్) మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ యాక్సిస్‌లో టెక్స్ట్ యాక్సిస్ ఎంచుకుంటే కడ్డీలు లావుగా వస్తాయి. అంకెలున్న నిలువు యాక్సిస్ సున్నా నుంచే మొదలవ్వాలి, అది కూడా అక్కడే చూసుకోండి. 5 నుంచి మొదలైతే 6 మంది కడ్డీ పక్కన 8 మంది కడ్డీ మూడింతలు పొడుగు కనిపిస్తుంది.

పేరు తెలుగులో పెట్టండి: "తాపీ మేస్త్రీలు, రోజుకు సగటు". ఇది నాకు ముఖ్యం, ఎందుకంటే ఈ చార్టు చూడాల్సింది నేనొక్కణ్ణే కాదు. వాట్సాప్‌లో ఫొటో పంపితే మేస్త్రి తనే చదువుకుని "ఆరో వారం నలుగురు తక్కువండీ" అని తిరిగి చెప్పాలి. చెప్పాడు కూడా. నలుపు తెలుపు ప్రింటు తీసి షెడ్డులో అంటించేట్టయితే గీతను మందంగా, చుక్కలుగా పెట్టండి, ఎరుపు పచ్చ తేడా జిరాక్స్‌లో పోతుంది.

అన్ని ముఠాలనూ ఒకే కడ్డీలో ఒకదానిమీద ఒకటి పేర్చే స్టాక్డ్ కాలమ్ చార్టు కూడా చాలామంది వేస్తారు. అందంగా ఉంటుంది, ఎవరు చాలరో మాత్రం చెప్పదు, ఎందుకంటే సెంటరింగ్ వాళ్లు నలుగురు ఖాళీగా ఉన్నంత మాత్రాన గోడ లేవదు. దాని ఉపయోగం వేరే. ఆరో వారంలో తాపీ 16, సెంటరింగ్ 8, రాడ్ సగటున 4, మొత్తం 28 మంది, పైన కూలీలు. అంతమందికి తాగునీళ్లు, హెల్మెట్లు, ఉండే షెడ్లు సరిపోతాయా, శనివారం బట్వాడాకు ఎంత డబ్బు చేతిలో ఉండాలి అనేవి ఆ చార్టు చూసి తేల్చుకోవాలి.

చిన్న తెర మీద చూసేవాళ్ల కోసం చార్టు లేకుండా రంగులతోనూ పని జరుగుతుంది. సారాంశంలో బి2 నుంచి ఐ4 సెలెక్ట్ చేసి, హోమ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్, న్యూ రూల్, ఫార్ములా వాడేది ఎంచుకుని = బి2>బి6 అని ఇచ్చి ఎరుపు రంగు పెట్టండి. డాలర్ గుర్తులు వద్దు. చాలని వారాలన్నీ ఎర్రబడతాయి.

5. సగటు దాచేది

రాడ్ ముఠాలో మన దగ్గర ఉన్నది ఐదుగురే అనుకుందాం. చార్టులో నవంబర్ 10 వారానికి 4 అని కనపడుతుంది, 5 గీత కంటే కిందే ఉంది, రంగు కూడా మారదు. నిజానికి బుధవారం నుంచి శనివారం దాకా ప్రతిరోజూ ఆరుగురు కావాలి, సోమ మంగళవారాలు ఎవరూ అక్కర్లేదు. 24 పనిదినాలను 6 రోజులకు పంచడం వల్ల అది 4 అయింది.

కాబట్టి వారం మధ్యలో మొదలయ్యే పనులున్న ముఠాకు, తక్కువమంది ఉన్న ముఠాకు రోజులవారీ కాలమ్‌లు పెట్టాలి. ఫార్ములా ఇంకా సులువు అవుతుంది: ఆ రోజు మొదలుకూ ముగింపుకూ మధ్యలో ఉంటే మనుషుల సంఖ్య, లేకపోతే సున్నా. శ్లాబు పోసే ముందు రెండు వారాలకు ఇలా చేస్తే చాలు, 8 వారాలూ రోజులవారీ గీస్తే 48 కడ్డీల మధ్య ఏమీ కనపడదు.

6. గీత దాటిన కడ్డీలను దించడం

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. తాపీ చార్టులో 4, 5, 6 వారాలు గీత దాటాయి: 14, 14, 16. మొదటి రెండు వారాలు ఆరుగురు ఖాళీ. కొత్త మనుషుల కోసం వెతికే ముందు పనులను జరిపి చూడండి.

2వ అంతస్తు కట్టుబడి నవంబర్ 17న ఎందుకు మొదలవుతోంది? సైట్‌లో అడిగితే "ప్రాప్స్ ఉన్నాయి కదండీ" అన్నారు, అంటే శ్లాబు కింద నిలబెట్టిన తాత్కాలిక ఊతలు. ఆ అంతస్తు పైశ్లాబు పోసింది అక్టోబర్ 18న. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం శ్లాబు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపు ఉంటే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు దాటాక ప్రాప్స్ తీయొచ్చు, మామూలు సిమెంటుతో, క్యూరింగ్ సరిగ్గా జరిగితే. 14 రోజులు వేసుకున్నా నవంబర్ 1 అయింది. పై అంతస్తు సెంటరింగ్ బరువు ఆ శ్లాబు మీదే దిగుతుంది కాబట్టి కొన్ని ప్రాప్స్ ఉంచాలా అని స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను అడిగాకే కదిలించాలి, ఇది చార్టు తేల్చే విషయం కాదు. ఆయన ఎక్కడ ఉంచాలో చెప్పాక మొదటి వారంలో మిగతావి తీసేసి, కట్టుబడి నవంబర్ 10కి జరిపాం.

ఇంకా నాలుగో వారం 14, ఆరో వారం 16 ఉన్నాయి. 1వ అంతస్తు ప్లాస్టరింగ్‌కు మొదటి వారం 6 మంది, రెండో వారం 10, మూడో వారం 8 పెట్టాం, మొత్తం 144 పనిదినాలు అలాగే ఉన్నాయి. 2వ అంతస్తు ప్లాస్టరింగ్ మొదటి వారం నలుగురితో మొదలుపెట్టి, తర్వాత రెండు వారాలు పదిమంది, అదీ 144. షీట్‌లో దీన్ని ఎలా రాయాలంటే, మనుషుల సంఖ్య మారిన చోటల్లా పనిని కొత్త వరుసగా విడగొట్టాలి: "2వ అంతస్తు ప్లాస్టరింగ్", డిసెంబర్ 8 నుంచి 13, 4 మంది. కింద ఇంకో వరుస, 15 నుంచి 27, 10 మంది. ఫార్ములా లాగితే చార్టు దానంతటదే మారుతుంది.

ఇప్పుడు తాపీ వరుస 6, 12, 12, 12, 10, 12, 10, 10. మొత్తం అదే 504, ముగింపు అదే డిసెంబర్ 27, ఏ వారమూ 12 దాటలేదు, ఒక్క మనిషిని కూడా కొత్తగా తేలేదు. ఎవరి మీదా అరవాల్సిన పని లేకుండా ఒక సాయంత్రం కూర్చుని ఇది తేల్చుకోగలిగినందుకు నాకు నిజంగా ఆనందం వేసింది.

పాత పట్టికను చెరిపేయకండి. షీట్‌ను కాపీ చేసి, కాపీలో జరపండి. రేపు ఎవరైనా "ముందు ఏమనుకున్నాం" అని అడిగితే చూపించాలి.

7. సెలవులు, వానలు

నెట్‌వర్క్‌డేస్.ఐఎన్‌టీఎల్‌లో 11 తర్వాత ఇంకో కామా పెట్టి సెలవు తేదీల జాబితా ఇవ్వొచ్చు. "సెలవులు" అనే షీట్‌లో ఒక కాలమ్‌లో తేదీలు రాసి దాన్ని చూపించండి. పై లెక్కలో నేను డిసెంబర్ 25 క్రిస్మస్‌ను తీయలేదు, విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఆరోజు సగం ముఠా రాదు. మొదటి పట్టికలో దాన్ని సెలవుగా కలిపితే చివరి వారం 48 పనిదినాలు 40 అవుతాయి. చార్టు తేలికైనట్టు కనపడుతుంది, కానీ పని తగ్గలేదు, 8 పనిదినాలు ఎక్కడా చోటు లేకుండా మిగిలిపోయాయి. ముగింపు తేదీని సోమవారం 29కి జరపాలి, అప్పుడది 8 వారాల బయటికి పోతుంది కాబట్టి ఓ కాలమ్ తనిఖీలో తేడా చూపిస్తుంది, ఇంకో వారం కాలమ్ చేర్చుకోవాలి. సారాంశంలో 6తో భాగించిన చోట కూడా ఆ వారం అసలు పనిరోజులను అదే ఫంక్షన్‌తో పెట్టాలి, లేకపోతే సెలవు వారం మనుషులు తక్కువ కావాలన్నట్టు చూపిస్తుంది.

తుపాన్లు కూడా ఇందులోకే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు సైట్లన్నీ ఆగిపోయాయి. నవంబర్, డిసెంబర్ నెలల పట్టికలో రెండు మూడు రోజులు ముందే వదిలి ఉంచుతాను, వాన రాకపోతే అవి లాభం.

8. అసలు ఎంతమంది వచ్చారో కలపడం

మూడో షీట్ "హాజరు". తేదీ, ముఠా, వచ్చినవాళ్లు, అంతే, రోజుకు ఒక్కో ముఠాకు ఒక వరుస. మస్టర్ పుస్తకంలోంచి సాయంత్రం ఎక్కించడానికి ఐదు నిమిషాలు. సమ్‌ఇఫ్స్‌తో ముఠా, వారం మొదలు తేదీ నుంచి శనివారం దాకా అనే షరతులు ఇచ్చి కూడితే ఆ వారం అసలు పనిదినాలు వస్తాయి. వాటిని పనిరోజులతో భాగించి చార్టులో మూడో సిరీస్‌గా, గీత లేకుండా చుక్కలుగా పెట్టండి. ఇంకా రాని వారాల్లో సున్నా పెడితే చుక్కలు అడుక్కి పడిపోతాయి, వాటి బదులు ఎన్ఏ() అని పెడితే ఎక్సెల్ వాటిని గీయదు.

పక్కన ఇంకో చార్టు, కూడుతూ పోయే లెక్కతో: అనుకున్న పనిదినాలు 36, 108, 180, 252, 312, 384, 444, 504 అని ఒక గీత, అసలు వచ్చినవి ఇంకో గీత. అసలు గీత కిందికి జారుతుంటే ఎన్ని పనిదినాలు వెనకబడ్డామో తేడాలో కనపడుతుంది. మనుషులు వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు కాబట్టి ప్లాస్టరింగ్ చదరపు అడుగులు కూడా కొలిచి మూడో కాలమ్‌గా రాసుకుంటాను. ఒకసారి హాజరు గీత సరిగ్గా ఉన్నా చదరపు అడుగులు సగమే వచ్చాయి, వెళ్లి చూస్తే ఇసుక లోడు ఆలస్యమై మేస్త్రీలు మధ్యాహ్నం దాకా కూర్చుంటున్నారు.

నేను శనివారం బట్వాడా అయ్యాక హాజరు ఎక్కించి, రాబోయే నాలుగు వారాల "ఉన్నవాళ్లు" వరుసను మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అడిగి సరిచేస్తాను. గీత దాటిన వారం ఏదైనా ఉంటే ఆ చార్టు ఫొటో అప్పుడే ఆయన ఫోన్‌కు పంపుతాను, సోమవారం దాకా ఆగను.